రాత్రి పాళీ, పగటి నిద్ర

పూర్వము గ్రామములలో రాత్రివేళ మేల్కొని పనిచేయువారు చాలవరకు కావలివారును, పంటకు నీరు పెట్టు రైతులును. నేడు నూలుమిల్లులకు, చక్కెర కర్మాగారములకు, ఆసుపత్రులకు రాత్రి పాళీలో పోయి తెల్లవారిన పిమ్మట ఇల్లు చేరువారు అనేక గ్రామములలో కలరు. వీరి ఆరోగ్యమును గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసినది కొంత గలదు.

మానవుని మెదడులో గడియారము వంటి ఏర్పాటొకటి యున్నది. కంటికి సోకు వెలుతురును బట్టి అది దేహమునకు కాలము తెలుపుచుండును. చీకటి పడగా మెలటోనిను అను హార్మోను పుట్టి దేహమును నిద్రకు సిద్ధపరచును. ఈ గడియారము కణములలో నడచు తీరును వెల్లడించిన మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించినది. ఎన్ని యేండ్లు రాత్రి పని చేసినను ఇది సాధారణముగా పూర్తిగా మారదు. ఇంటికి వచ్చు దారిలోని ఉదయపుటెండయే దానిని మరల పాత దారికి త్రిప్పుచుండును. కావున “అలవాటైపోయినది” అను మాట సగమే నిజము.

పగటి నిద్ర తరచుగా రాత్రి నిద్రకంటె ఒకటి రెండు గంటలు తక్కువగును. అర్ధరాత్రి తిన్న అన్నమువలన రక్తములో పెరుగు చక్కెరను దేహము పగటివలె అదుపు చేయజాలదు. ఏండ్లతరబడి ఇట్లు గడపినవారిలో మధుమేహము, గుండెజబ్బు అధికముగా కానవచ్చుచున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ, రాత్రి పాళీ పని బహుశః కేన్సరు కారకమని 2007లో నిర్ణయించి, 2019లో దానినే నిలిపినది. ప్రతివారికిని ఆ జబ్బు వచ్చునని దీని యర్థము కాదు. పని మానుడని చెప్పుట సులభమే గాని, మానుట ఎందరికి సాధ్యము?

పనికి పోకముందే కడుపునిండ భుజించి, నడిరేయి తేలిక ఆహారము తీసికొనుట మేలు. కాఫీ, టీలు పాళీ తొలి సగములోనే ముగింపవలెను. మధుమేహమునకు మందు వాడువారు పాళీ మారినప్పుడు వేళలను డాక్టరు నడిగి నిర్ణయించుకొనవలెను. నిద్ర ముంచుకొని వచ్చుచుండగా మోటారుసైకిలు నెక్కరాదు.

ఇక మిగిలినది నిద్రాభంగము. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట మైకులను నిషేధించినవి. పగటి మైకునకును వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను గాని, అడుగువారు అరుదు. ఒక్కొక్కచోట పంచాయతీ కార్యాలయము మీది మైకే మొదటి దోషి! రాత్రి పనివారి ఇండ్లున్న వీధుల వైపునుండి దాని గొట్టమును త్రిప్పించి, ప్రకటనలను సాయంకాలమునకు మార్చుటకు ఖర్చేమియు లేదు.

ఆరోగ్య ఉపకేంద్రములలో 30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు ఉచితముగా జరుగుచున్నవి. ఉదయమున జరుగు శిబిరములకు ఈ పనివారు రాజాలరు. నెలకొక దినము సాయంకాలము 4 గంటలకు శిబిరము నడుపుమని ఆరోగ్య సిబ్బందిని పంచాయతీ తీర్మానము ద్వారా కోరవచ్చును.