ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారా? ఇంగ్లిష్ పక్కన పెట్టి ‘నాకు’ దగ్గర మొదలుపెట్టండి

ఇవాళ స్టూడియోలో లేను. చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌లో ఉన్నా. పొద్దున ఏడు కావస్తోంది. వెనకాల గిన్నెల చప్పుడు వినిపిస్తే అది మైక్ తప్పు కాదు, హరీస్ దేగ్ దించుతున్నారు.

ఇక్కడికి ఎందుకొచ్చానంటే, ఇక్కడి తమ్ముడొకతను వాయిస్ మెసేజ్ పెట్టాడు. వయసు 20. కెనడా వెళ్లడానికి టెఫ్ పరీక్ష రాయాలని ఆర్నెల్లుగా ఫ్రెంచ్ చదువుతున్నాడు. “అన్నా, పదాలన్నీ వస్తున్నయ్. వాక్యం చెప్తే మాత్రం సార్ నవ్వుతున్నడు. ఫీజు అన్న సౌదీ నుంచి పంపిండు. ఈసారి పోతే ఇంకోసారి అడగలేను” అన్నాడు. ఆ చివరి మాట విన్నాక రాకుండా ఉండలేకపోయా.

తెలియని వాళ్ల కోసం ఒక్క నిమిషం. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చిన వాళ్లకి వేరే కేటగిరీ పెట్టారు. అందులోకి రావాలంటే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ కనీసం లెవెల్ 7 ఉండాలి. మూడింట్లో 9 తెచ్చుకుని ఒక్కదాంట్లో 6 దగ్గర ఆగినా కుదరదు. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది మాట్లాడడం, రాయడం దగ్గరే. నా లెక్కలో దానికి కారణం ఒకటే: మనం ఫ్రెంచ్‌ని ఇంగ్లిష్‌లో ఆలోచించి మాట్లాడుతున్నాం.

మొదట ఉచ్చారణ గురించి చిన్న మాట. ఫ్రెంచ్ మాటల్ని తెలుగులోనే రాసి చూపిస్తున్నా. స్క్రీన్ మీద ‘ఁ’ కనిపిస్తుంది కదా, అది అరసున్న. మన పుస్తకాల్లో ఇప్పుడు దాదాపు కనిపించదు, పాత పద్యాల్లోనే ఉంది. కానీ ఫ్రెంచ్‌కి అదే కావాలి. ఉర్దూ చదివిన వాళ్లకైతే నూన్ గున్నా. ‘మాఁ’ అన్నప్పుడు ముక్కులోకి పోయే శబ్దం ఉందే, అదే. ఇంకోటి, ఫ్రెంచ్‌లో ‘ట’ లేదు, మన ‘త’ ఉంది. ఇంగ్లిష్ అలవాటుతో ‘టెలెఫోన్’ అంటున్నారు. ‘తెలెఫోన్’ అనండి, సరిగ్గా సరిపోతుంది. ‘జ’ని చాలాచోట్ల ‘టెలివిజన్’లో జ లాగా పలకండి.

ఇప్పుడు తమ్ముడి నోట్‌బుక్ తెరుద్దాం. మొదటి పేజీలోనే ఎర్ర గీత. తన వయసు చెప్పడానికి ‘జ స్వీ వ్యాఁ’ అని రాశాడు. ఐ యామ్ ట్వంటీ అన్నమాట. ఫ్రెంచ్ వాళ్లకి అది “నేను ఇరవై” అన్నట్టు వినిపిస్తుంది. తెలుగులో మనం అలా అంటామా? “నాకు ఇరవై ఏళ్లు” అంటాం. ఫ్రెంచ్‌లోనూ ‘జే వ్యాఁతాఁ’, అంటే ఇరవై ఏళ్లు ఉన్నాయి అని. ‘జే’ అంటే నాకు ఉంది, నా దగ్గర ఉంది.

ఇదే పట్టుకుని ముందుకు పోండి. నాకు ఆకలి: జే ఫ్యాఁ. నాకు దాహం: జే స్వాఫ్. నాకు భయం: జే పర్. నాకు తలనొప్పి: జే మాల్ ఆ లా తెత్. ఇంగ్లిష్‌లో ఇవి చాలావరకు ‘ఐ యామ్’. తెలుగులో అన్నీ ‘నాకు’. ఉర్దూలో కూడా ‘ముఝే భూక్ లగీ’ అంటారు తప్ప నేను ఆకలిని అనరు.

నా సంగతీ చెప్తా, నవ్వుకోండి. నేను నేర్చుకునే రోజుల్లో, మే నెల, క్లాసులో ఫ్యాన్ తిరగట్లేదు. ఐ యామ్ హాట్ అనుకుని ‘జ స్వీ షో’ అనేశా. క్లాసంతా గొల్లుమంది. దాని అర్థం ఈ వీడియోలో చెప్పను, ఇంట్లో వాళ్లు కూడా చూస్తుంటారు. [నవ్వు] “నాకు ఉక్కగా ఉంది” అని తెలుగులో అనుకుని ఉంటే ‘జే షో’ అని వచ్చేది, పరువు దక్కేది.

రెండో ఎర్ర గీత దీనికన్నా ముఖ్యం. సౌదీలో ఉన్న అన్నకి ఉత్తరం రాయమన్నారట. “నిన్ను మిస్సవుతున్నా” అనడానికి ‘జ త మాఁక్’ అని రాశాడు. తిరగబడింది! దాని అర్థం “నేను లేక నువ్వు బెంగపడుతున్నావు” అని. సరైనది ‘త్యు మ మాఁక్’. ఇంగ్లిష్‌లో మిస్సయ్యేది నేను కాబట్టి వాక్యం నాతో మొదలవుతుంది. ఫ్రెంచ్‌లో వాక్యానికి కర్త అవతలి మనిషి. తెలుగులో? “నువ్వు నాకు గుర్తొస్తున్నావు.” కర్త నువ్వే! ‘త్యు’ అంటే నువ్వు, ‘మ’ అంటే నాకు. మాట అర్థం కొంచెం వేరైనా కట్టుబడి ఒకటే. అట్లాగే ‘సా మ ప్లే’: అది నాకు నచ్చుతుంది. మన ‘నచ్చడం’ ఎట్ల పనిచేస్తుందో అదీ అట్లనే పనిచేస్తుంది.

తర్వాత ‘ఇల్ ఫో’. పరీక్షలో దీన్ని వాడకుండా రెండు నిమిషాలు మాట్లాడడం కష్టం. ‘ఇల్ ఫో పార్తీర్’ అంటే బయల్దేరాలి. ఇక్కడ ‘ఇల్’ని ‘అతను’ అనుకుని చాలామంది తికమకపడతారు. అది ఎవరూ కాదు, ఖాళీ మాట. మన ‘ఆలి’ని చూడండి. నేను వెళ్లాలి, నువ్వు వెళ్లాలి, వాళ్లు వెళ్లాలి. ఎవరైనా సరే క్రియ మారదు. ‘ఇల్ ఫో’ కూడా అంతే, మనిషిని బట్టి మారదు. ‘ఇల్ మ ఫో ద్యు తాఁ’: నాకు టైమ్ కావాలి. కావాలిలో ఉన్నది కూడా ఆ ‘ఆలి’నే కదా.

నాకు బాగా ఇష్టమైన జంట ఇప్పుడు చెప్తా. ‘జ వే మాఁజే’, అంటే “తినబోతున్నా”. ‘వే’ అంటే వెళ్తున్నా. మన ‘తినబోతున్నా’లో ‘పోవు’ దాక్కుని ఉంది, ఎప్పుడైనా గమనించారా? ఫ్రెంచ్ వాళ్లూ జరగబోయేదానికి ‘పోవడం’ వాడతారు. ఇప్పుడే అయిపోయినదానికి ‘రావడం’: ‘జ వియాఁ ద మాఁజే’, తినడం నుంచి వస్తున్నా. ఎవరైనా భోజనానికి కూర్చోమంటే మనమేమంటాం? “వద్దండీ, ఇప్పుడే తినొచ్చా.” అదే ఇది.

బార్కస్ గల్లీలో మొబైల్ రిపేర్ షాపు చూసి ఇంకోటి గుర్తొచ్చింది. ఫోన్ బాగుచేయించి కూడా “ఐ రిపేర్డ్ మై ఫోన్” అంటారు మనవాళ్లు. ఫ్రెంచ్‌లోనూ అలాగే ‘జే రెపరే’ అంటే స్క్రూడ్రైవర్ మీరే పట్టుకున్నట్టు. ‘జే ఫే రెపరే మోఁ తెలెఫోన్’ అనాలి. చేశాను, చేయించాను తేడా అన్నమాట. తెలుగులో ఒక ‘ఇంచు’ చేసే పనిని అక్కడ ‘ఫే’ చేస్తుంది.

ప్రతిచోటా ఇది పనిచేస్తుందని నమ్మించను. “నాకు తెలుసు” అంటే ‘జ సే’, అక్కడ ‘జే’ రాదు. “నాకు కోపంగా ఉంది” అంటే ‘జ స్వీ ఆఁ కొలేర్’, అక్కడ మళ్లీ ‘స్వీ’ వస్తుంది. తెలుగు మొదటి ఊహ మాత్రమే, రెండో పని డిక్షనరీది. కానీ ఇంగ్లిష్‌తో మొదలుపెట్టడం కన్నా ఈ ఊహ ఎక్కువసార్లు నిలబడుతుంది. అది నా అనుభవం.

మాట్లాడే పరీక్షకి ఒక హెచ్చరిక. టెఫ్ కెనడాలో దానికి 15 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు ఏదో ప్రకటన చూసి తెలియని వ్యక్తికి ఫోన్ చేసినట్టు వివరాలు అడగాలి. అక్కడ ‘వూ’, అంటే మీరు. తర్వాతి 10 నిమిషాలు స్నేహితుణ్ని ఒప్పించాలి. అక్కడ ‘త్యు’, నువ్వు. ఇంగ్లిష్‌లో రెండూ ‘యూ’నే కాబట్టి ఆ బుర్రతో వెళ్తే కలిసిపోతాయి. షాపతన్ని “నువ్వు” అనకుండా, దోస్తుని “మీరు” అనకుండా ఉండడం మనకి ఎవరైనా నేర్పారా? అదే అలవాటుని పరీక్ష గదిలోకి తీసుకెళ్లండి.

ఇక జాతీయాలు. అదిగో, హరీస్ వాసన. నోరూరుతోంది! ఫ్రెంచ్‌లో ‘సా మ మే లో ఆ లా బూష్’, నోట్లో నీళ్లు తెప్పిస్తోంది అని. గోడలకు చెవులుంటాయి అనడానికి ‘లే మ్యూర్ ఓఁ దేజ్ ఒరేయ్’. చెవుల్ని వాళ్లు నిజంగానే ‘ఒరేయ్’ అంటారు, ఇక మర్చిపోరు. అయితే అన్నీ ఇలా కలవవు. “వస్తానని చెప్పి హ్యాండిచ్చాడు” అంటాం కదా, ఫ్రెంచ్ వాళ్లు ‘కుందేలు పెట్టాడు’ అంటారు: ‘పోజే అఁ లప్యాఁ’. మన హ్యాండ్‌ని అక్కడికి తీసుకెళ్లకండి. ‘దొనే అఁ కూ ద మ్యాఁ’ అంటే చెయ్యి వేసి సాయం చేయడం. పూర్తిగా ఉల్టా!

బార్కస్ వాళ్లకి ఇంకో లాభం ఉంది. ఇక్కడి చాలా కుటుంబాల పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో పనికి వచ్చినవాళ్లు. అరబ్బీ మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. ఫ్రాన్స్ 1830 నుంచి 1962 దాకా అల్జీరియాని ఏలింది. అక్కడి అరబ్బీ ఫ్రెంచ్ వీధి భాషలోకి బాగా వెళ్లింది. ‘అఁ శుయా’ అంటే కొంచెం, గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్ల ‘శువయ్య’నే. డాక్టర్ని ‘తూబీబ్’ అంటారు, మన తబీబ్. అదృష్టవంతుణ్ని ‘ఇల్ ఆ లా బరకా’ అంటారు, మన బర్కత్. రెండూ ఒకటే అనడానికి ‘కిఫ్ కిఫ్’. ఇవి దోస్తుల మధ్య మాటలు. పరీక్షలో ‘వూ’ అని మొదలుపెట్టిన చోట వాడకండి.

ఇంతకీ బార్కస్ అన్న పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. ఆ ఇంగ్లిష్ మాట ఫ్రెంచ్ ‘బరాక్’ నుంచి వచ్చింది. ఇప్పటి ఫ్రెంచ్‌లో బరాక్ అంటే గుడిసె, వాడుకలో ఇల్లు కూడా. ‘కాసే లా బరాక్’, బరాక్‌ని విరగ్గొట్టడం, అంటే దుమ్మురేపడం. “ఇరగదీశాడు” అంటాం చూడండి, అక్కడ కూడా విరగడమే!

ఇది చెప్పగానే తమ్ముడు మొదటిసారి నవ్వాడు. పరీక్ష ఎప్పుడు రాస్తావని ఫ్రెంచ్‌లో అడిగా. కాసేపు ఆలోచించి, ‘ఇల్ మ ఫో ద్యు తాఁ, అఁ శుయా’ అన్నాడు. రెండు రిజిస్టర్లు కలిపేశాడు కానీ వాక్యం మాత్రం కరెక్ట్.

హరీస్ వచ్చేసింది. తీపిదీ, ఉప్పుదీ రెండూ చెప్పాం. జే ఫ్యాఁ. వచ్చే ఎపిసోడ్‌లో ‘ల, లా’ గోల: ఉర్దూలో మేజ్ ఆడది, ఫ్రెంచ్‌లోనూ ఆడదే, మరి చందమామ దగ్గర ఎందుకు తేడా వచ్చిందో చూద్దాం.