బందరు తీరానికి సునామీ ముప్పు ఎంత?

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే విజయవాడలోనూ జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. ఇలా నేల కదిలిన ప్రతిసారీ కృష్ణా డెల్టాలో ఒకటే భయం: సునామీ వస్తుందా?

ఇలాంటి భూకంపానికి రాదు. సునామీ పుట్టాలంటే సముద్రపు అడుగు ఒక్కసారిగా పైకి లేవాలి, లేదా కుంగాలి. ములుగులోనూ, 1967లో ఒంగోలులోనూ (5.4) కంపించింది భూభాగం. పైగా తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపం (9.1) ములుగు భూకంపం కంటే దాదాపు 5 లక్షల రెట్లు శక్తిమంతమైనది.

కృష్ణా తీరానికి అసలు ముప్పు అండమాన్–సుమత్రా వైపు నుంచే. బందరు నుంచి అండమాన్ దీవులు సుమారు 1,300 కిలోమీటర్లు. 2004లో అక్కడి సముద్రపు అడుగు దాదాపు అంతే పొడవున చీలింది. అయితే అక్కడ వచ్చే ప్రతి భూకంపమూ మన దాకా ప్రమాదం తేదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర 7.9 తీవ్రతతో వచ్చిన భూకంపం అలలు మన తూర్పు తీరంలో సముద్రమట్టాన్ని కొలిచే పరికరాల్లో నమోదయ్యాయి గానీ పెద్ద నష్టం చేయలేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర ఏకంగా 8.6 నమోదైంది. కానీ నేల పక్కకు జరిగిందే తప్ప పెద్దగా పైకి లేవలేదు, అలలు చిన్నవిగానే ఉండిపోయాయి.

అంటే మనం లెక్కపెట్టాల్సింది 2004 నాటి లాంటి మహా భూకంపాలను. అవి ఎన్నేళ్లకోసారి వస్తాయి? అక్కడి భూ పలకల మధ్య ఏటా 3 సెంటీమీటర్ల చొప్పున బిగువు చేరుతోందనుకుందాం. ఒక్క దెబ్బతో 15 మీటర్లు జారడానికి సరిపడా బిగువు పోగవడానికి 500 ఏళ్లు పడుతుంది. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో మట్టి పొరల కింద దొరికిన పాత సునామీ ఇసుక వయసు కూడా 550 నుంచి 700 ఏళ్లు.

500 ఏళ్లకోసారి అంటే ఏటా ఉండే అవకాశం 0.2 శాతం. 30 ఏళ్లలో సుమారు 6 శాతం, 50 ఏళ్లలో 9.5 శాతం. ఇప్పుడు పుట్టిన బిడ్డ జీవితకాలానికి లెక్కవేస్తే ఇది కొట్టిపారేసే అంకె కాదు. 2004లో వచ్చేసింది కాబట్టి ఇంకో 480 ఏళ్లు నిశ్చింత అనుకోవడం మరీ ప్రమాదం. సుమత్రాలోని అచే తీరంలో ఒక గుహలో వేల ఏళ్ల సునామీ ఇసుక పొరలను శాస్త్రవేత్తలు లెక్కించారు. రెండు సునామీల మధ్య ఒకచోట 2,000 ఏళ్లకు పైగా విరామం ఉంటే, మరోచోట కొన్ని దశాబ్దాలే ఉంది. సగటును నమ్ముకుని కాలెండరు గీయలేం.

డెల్టాకు ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరులో తుపాను బందరును ముంచింది, సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. ప్రాణనష్టం లెక్కన ఈ డెల్టాకు సునామీ కంటే తుపానే పెద్ద శత్రువు. కానీ తుపాను రోజుల ముందు తెలుస్తుంది. సునామీ అలా కాదు. 3,000 మీటర్ల లోతున అది గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది, 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి 36కు తగ్గుతుంది. అండమాన్ వైపు నుంచి మన ఒడ్డుకు రెండు, రెండున్నర గంటలు.

విజయవాడ సముద్రానికి 60 కిలోమీటర్లకు పైగా లోపల ఉంది, అల అక్కడిదాకా రాదు. కానీ విజయవాడ జనం అల దగ్గరికి వెళతారు. 2004లో ఆ రోజు ఆదివారం, పైగా మార్గశిర పౌర్ణమి. బందరు దగ్గరి మంగినపూడి తీరంలో పౌర్ణమి స్నానాలు చేస్తున్నవాళ్లను అల లాక్కుపోయింది. రాష్ట్రం మొత్తం మీద వంద మందికి పైగా చనిపోయారు. కార్తీక, మాఘ పౌర్ణములకు మంగినపూడి, హంసలదీవి తీరాలు జనంతో నిండిపోతాయి. అలాంటి రోజున ముప్పు ఏటా 0.2 శాతమే అన్న అంకె మనకేమీ చెప్పదు. ఒడ్డున ఎంతమంది ఉన్నారన్నదే అసలు ప్రశ్న.

2007 అక్టోబరు నుంచి, సముద్ర సమాచారం అందించే సంస్థ అయిన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. పెద్ద భూకంపం వస్తే సుమారు పది నిమిషాల్లో తొలి సమాచారం ఇవ్వడం దాని పని. ఆ తర్వాత మిగిలేది రెండు గంటలు. పౌర్ణమి నాడు మంగినపూడి ఒడ్డున ఉన్న జనం, బస్సులు, ఆటోలు ఆ రెండు గంటల్లో బందరు రోడ్డు ఎక్కి వెనక్కి రాగలవా? జిల్లా యంత్రాంగం ఈ లెక్కను ప్రతి స్నానాల పండగకూ ముందే వేసి, ఒడ్డున మైకుల్లో చెప్పాలి.