మోటార్‌హోమ్ వెనక కారు కడుతున్నారా? లైట్ల వైరింగ్‌లో తెలుసుకోవాల్సిందిదీ

అమెరికా హైవేలపై ముందు బస్సంత మోటార్‌హోమ్, దాని వెనకే నాలుగు చక్రాల మీద దొర్లుతూ వచ్చే కారు. ఆ కారు డ్రైవర్ సీట్లో ఎవరూ ఉండరు. పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రులు మొదటిసారి చూస్తే ఉలిక్కిపడతారు. అక్కడ మాత్రం ఇది మామూలే. క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలిపి కరెంటు, నీళ్ల కనెక్షన్లు పెట్టుకున్నాక, పాల డబ్బా కోసం మళ్లీ ఆ ఇల్లంత బండిని ఎవరు కదిలిస్తారు? అందుకే ఓ చిన్న కారును వెంట లాక్కెళ్తారు. దాన్ని సరదాగా ‘టోడ్’ అంటారు. ఇంగ్లిష్‌లో ‘లాగిన’ అనే మాట, కప్ప పేరు ఒకేలా పలుకుతాయి కాబట్టి వచ్చిన పేరిది.

కారు కట్టగానే మోటార్‌హోమ్ వెనక లైట్లు చాలావరకు దాని చాటుకు వెళ్లిపోతాయి. వెనక వచ్చే డ్రైవర్ చూసేది కారునే. ముందున్న బండి బ్రేక్ వేసిందో, లేన్ మారుతోందో కారు లైట్లే చెప్పాలి. అందుకే జతగా వెళ్లే వాహనాల్లో చివరిదానికి టెయిల్ లైట్లు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు పనిచేయాలని అక్కడి చట్టాలు అడుగుతాయి. వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి కాబట్టి ప్రయాణంలో దాటే రాష్ట్రాలన్నింటి నిబంధనలూ చూసుకోవాలి.

కారు హజార్డ్ లైట్లు వేసి వదిలేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. అవి ఆగకుండా కొట్టుకుంటుంటే ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకు తెలియదు. పైగా కొన్ని గంటల్లో కారు బ్యాటరీ ఖాళీ అవుతుంది.

అన్నిటికంటే ముందు, మీ కారును ఇలా లాగొచ్చో లేదో ఓనర్స్ మాన్యువల్‌లో ‘రిక్రియేషనల్ టోయింగ్’ అన్న భాగంలో చూడండి. జీప్ రాంగ్లర్‌ను లాగొచ్చు. హోండా సీఆర్-వీని 2014 మోడల్ వరకు లాగొచ్చు, 2015లో గేర్‌బాక్స్ మారాక కుదరదు. టెస్లా కార్లను చక్రాలు నేల మీద దొర్లేలా లాగకూడదు. కారు మొత్తాన్నీ ట్రైలర్ మీదకు ఎక్కిస్తే ట్రైలర్ లైట్లే పనికొస్తాయి, కింద చెప్పే వైరింగ్ గొడవ ఉండదు.

నాలుగు వైర్ల కథ

మోటార్‌హోమ్ నుంచి కారుకు కనీసం నాలుగు వైర్లు రావాలి. సాధారణంగా తెలుపు ఎర్త్, బ్రౌన్ టెయిల్ లైట్లు, పసుపు ఎడమవైపు, ఆకుపచ్చ కుడివైపు. మరి బ్రేక్‌కు వైరు ఏది? చాలామంది తికమకపడేది ఇక్కడే. అమెరికా ట్రైలర్ వైరింగ్‌లో బ్రేక్‌కు వేరే వైరు ఉండదు. పసుపు, ఆకుపచ్చ రెండూ నిలకడగా వెలిగితే బ్రేక్. ఒకటి కొట్టుకుంటే ఆ వైపు ఇండికేటర్.

మీ కారులో వెనక ఇండికేటర్ వేరుగా నారింజ రంగులో ఉంటే ఎర్ర బ్రేక్ బల్బులకే ఈ రెండు వైర్లూ ఇచ్చి, అవే కొట్టుకునేలా చేస్తారు. లాగేటప్పుడు నారింజ బల్బుకు పనుండదు. మోటార్‌హోమ్‌లోనే బ్రేక్, ఇండికేటర్ వేర్వేరుగా ఉంటే మాత్రం మధ్యలో కన్వర్టర్ అనే చిన్న పెట్టె కావాలి.

డయోడ్లు ఎందుకు?

మోటార్‌హోమ్ వైరును నేరుగా కారు లైటు వైరుకు చుట్టేసి టేప్ వేయడం అతి చవకైన పద్ధతి, అతి ప్రమాదకరమైనది కూడా. బల్బు దాకా వెళ్లాల్సిన కరెంటు వెనక్కి మళ్లి కారు కంప్యూటర్‌లోకి పోవచ్చు. ఇప్పటి కార్లలో లైట్లను నడిపేది ఆ కంప్యూటరే. అది పాడైతే ఖర్చు లైట్లతో ఆగదు.

దీనికి పరిష్కారం డయోడ్. కరెంటును ఒకవైపే పోనిచ్చే తలుపు లాంటిదిది. కారు వైరును బల్బుకు దగ్గరగా కత్తిరించి మధ్యలో పెడతారు. కారు నుంచి వచ్చినా, మోటార్‌హోమ్ నుంచి వచ్చినా కరెంటు బల్బుకే చేరుతుంది, వచ్చిన దారిన వెనక్కి పోదు. పనిచేసేటప్పుడు డయోడ్లు వేడెక్కుతాయి, అందుకే కార్పెట్ కింద దాచకుండా లోహపు బాడీకి బిగించాలి.

కారు వైర్లు కత్తిరించడం ఇష్టం లేకపోతే టెయిల్ లైటు డబ్బాకు రంధ్రం చేసి అదనంగా ఓ బల్బు పెట్టించొచ్చు. అది కారు వైరింగ్‌ను అసలు తాకదు. వారంటీలో ఉన్న కారుకు మా ఓటు దీనికే. అయితే సీల్ చేసిన ఎల్ఈడీ లైట్లలో చోటుండదు, ఆ మోడల్ కోసమే తయారైన హార్నెస్ వెతుక్కోవాలి. అయస్కాంతంతో అంటుకునే లైట్లు ఒకటి రెండు ప్రయాణాలకు చాలు, కానీ అల్యూమినియం బాడీకి అంటుకోవు.

బ్రేక్ పెడల్‌తో చిక్కు

లాగే కారుకు సొంతంగా బ్రేక్ పడేలా, పెడల్‌ను నొక్కే ఓ పరికరాన్ని అమర్చుకుంటారు. మంచిదే. కానీ పెడల్ కదిలితే కారు సొంత బ్రేక్ స్విచ్ కూడా ఆన్ అవుతుంది. అప్పుడు రెండు ఎర్ర బల్బులకూ కారు నుంచి ఆగని కరెంటు వస్తుంది. మోటార్‌హోమ్ అదే సమయంలో ఎడమ ఇండికేటర్ వేసినా ఆ కొట్టుకోవడం కనిపించదు. వేగం తగ్గించి ఎగ్జిట్ తీసుకునేటప్పుడు, అంటే సిగ్నల్ ఎక్కువ అవసరమైనప్పుడే అది మాయమవుతుంది. డయోడ్ దీన్ని ఆపలేదు. లాగేటప్పుడు కారు బ్రేక్ స్విచ్ నుంచి లైట్లకు వెళ్లే కరెంటును కట్ చేసే రిలే పెట్టించాలి. పని చేయించేటప్పుడు మెకానిక్‌ను ప్రత్యేకంగా అడగాల్సింది ఇదే.

ఆ బ్రేక్ పరికరం చాలాసార్లు కారు బ్యాటరీ మీదే నడుస్తుంది. రోజంతా డ్రైవ్ చేసి క్యాంప్‌కు చేరాక కారు స్టార్ట్ కాకపోవడానికి ఇదొక కారణం. మోటార్‌హోమ్ నుంచి ఫ్యూజ్‌తో ఓ ఛార్జింగ్ వైరు లాగితే సరిపోతుంది.

కదిలే ముందు

ఒకరు కారు వెనక నిలబడాలి. టెయిల్ లైట్లు, ఎడమ, కుడి, బ్రేక్ చూశాక తప్పనిసరిగా బ్రేక్ నొక్కి ఉంచి ఇండికేటర్ వేయాలి. పెడల్ నొక్కే పరికరం కూడా అప్పుడు పనిచేస్తూ ఉండాలి, లేకపోతే పైన చెప్పిన లోపం బయటపడదు. ఎడమ వేస్తే రెండు వైపులా మసకగా కొట్టుకుంటుంటే ముందు తెల్ల వైరును అనుమానించండి. తుప్పు పట్టిన చోట బిగించిన ఎర్త్ ఇలాగే ఏడిపిస్తుంది. ప్లగ్గు తీసేసి కారు లైట్లు మామూలుగా వెలుగుతున్నాయో లేదో కూడా చూడండి.

రెండు బండ్ల మధ్య వైరు బిగుతుగా ఉంటే మలుపులో తెగిపోతుంది, వదులైతే రోడ్డుకు రాసుకుని అరిగిపోతుంది. చుట్టలు తిరిగిన స్ప్రింగు కేబుల్‌కు ఆ బాధ తక్కువ. కాలిఫోర్నియా వెళ్తుంటే ఇంకొకటి: వెనక మరో వాహనాన్ని లాగుతున్నవారికి అక్కడ వేగ పరిమితి గంటకు 55 మైళ్లు, పక్క లేన్లో కార్లు ఎంత వేగంగా దూసుకెళ్తున్నా సరే.