నామకరణవిధియు గళింగగాంగుల నామములును

గర్భిణియైన నాఁటినుండియే దంపతులు పుట్టఁబోవు బిడ్డకుఁ బేరు వెదకుట లోకసహజము. తాతపేరా, ఇలవేలుపుపేరా, చెవికింపైన క్రొత్తపేరా యని యింటింటను దర్కము గలుగును. ఈ తర్కమును వైయాకరణులు వట్టి ముచ్చటగాఁ దలంపలేదు. పతంజలి మహాభాష్యమునందలి పస్పశాహ్నికమున వ్యాకరణాధ్యయన ప్రయోజనములఁ జెప్పుచు నామకరణమును గూడ నందుఁ జేర్చెను.

ఆయన చెప్పిన లక్షణమిది. పుత్రుఁడు జన్మించిన పదవదినము గడచిన పిమ్మటఁ బెట్టు నామము ఘోషవర్ణముతో నారంభింపవలెను, నడుమ య, ర, ల, వ లను నంతస్థలలో నొకటి యుండవలెను, వృద్ధము కారాదు, తండ్రికిఁ బూర్వులైన మూఁడుతరములవారిని స్మరింపఁజేయవలెను, శత్రువులయందు నెలకొన్నది కారాదు, రెండక్షరములదో నాలుగక్షరములదో కావలెను, కృదంతము కావలెఁ గాని తద్ధితాంతము కారాదు. వర్గముల తృతీయ చతుర్థ పంచమాక్షరములు, అంతస్థలు, హకారము ఘోషములు. మొదటి యచ్చు ఆ, ఐ, ఔ లలో నొకటియైన పదము పాణినిమతమున వృద్ధము. వ్యాకరణ మెఱుఁగనివానికిఁ గృత్తద్ధితభేదము తెలియదు గావున నామకరణమునకు సైతము వ్యాకరణము కావలయునని భాష్యకారుని యాశయము.

ఈ లక్షణమునకు లక్ష్యములను వెదకుటకు శ్రీముఖలింగము తగినచోటు. వంశధారాతీరమందలి యీ గ్రామమే గాంగులకు రాజధానియైన కళింగనగరమని గిడుగు వేంకట రామమూర్తిగారు శాసనములఁ బరిశీలించి నిరూపించిరి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు నేఁటికి నచట నిలిచియున్నవి. గాంగుల తామ్రశాసనములలో వంశావళి తరతరముగాఁ జెప్పఁబడినందున నే తండ్రి యే కుమారునకు నే పేరు పెట్టెనో తెలియుచున్నది.

అందు వజ్రహస్త నామము భాష్యలక్షణమునకుఁ జక్కఁగా సరిపడును. ఆదివర్ణము వకారము ఘోషము, నడుమ రేఫము, ఆదియచ్చు హ్రస్వాకారము గాన వృద్ధము కాదు, అక్షరములు నాలుగు. నరసింహ నామమును నట్టిదే. కామార్ణవ నామమున నైతే నాదిని ఘోషము లేదు, పైఁగా నది వృద్ధము. రాజరాజ, భానుదేవ నామములు తక్కిన లక్షణములుండియు నాదియందలి దీర్ఘాకారముచే వృద్ధములైనవి. కాఁబట్టి గాంగులు వర్ణనియమమును సర్వత్ర పాటింపలేదు.

వారు విడువనిది పూర్వపురుష స్మరణము. వజ్రహస్తుని కొడుకు కామార్ణవుఁడు. వాని కొడుకు వజ్రహస్తుఁడు. వాని కొడుకు మరల కామార్ణవుఁడు. ఈ కడపటి కామార్ణవునకు వినయమహాదేవియందుఁ బుట్టినవాఁడు 1038లో పట్టాభిషిక్తుఁడైన వజ్రహస్తుఁడు. తాతపేరు మనుమనికి వచ్చుట యిచట నియమముగాఁ గానఁబడుచున్నది. తరువాతి కాలమున నీ నియమము మఱింత దృఢమైనది. కోణార్క సూర్యాలయనిర్మాత యైన మొదటి నరసింహుని కుమారుఁడు భానుదేవుఁడు. అది మొదలు 15వ శతాబ్దిలో వంశ మంతమగువఱకు నరసింహుఁడు, భానుదేవుఁడు, మరల నరసింహుఁడు, మరల భానుదేవుఁడుగా నలుగురు నరసింహులును నలుగురు భానుదేవులును వరుస తప్పక వచ్చిరి.

ఈ వంశమున మధుకామార్ణవుఁడను రాజొకఁడు గలఁడు. ఈ పేరు మధుకేశ్వరుని బట్టి వచ్చినదని తొందరపడి యనరాదు. మధుకశబ్దమున కర్ణవశబ్దము చేరినచో మధుకార్ణవ యని కావలెను. కావున మధు, కామార్ణవ యని పదచ్ఛేదము. వీని యన్నకుఁ గామార్ణవుఁడనియే పేరుండుటచే భేదము తెలియుటకై మధుశబ్దము ముందు చేర్పఁబడియుండును.

అన్నిటికంటె విచారింపఁదగినది చోడగంగ నామము. వజ్రహస్తుని కుమారుఁడు రాజరాజదేవేంద్రవర్మ ద్రమిళులతోఁ బోరి గెలిచెననియు, పిమ్మటఁ జోళరాజపుత్రి రాజసుందరిని వివాహమాడెననియు శాసనములు చెప్పుచున్నవి. వారి కుమారుఁడే 1078లో సింహాసనమెక్కిన యనంతవర్మ చోడగంగదేవుఁడు. శత్రునామము కూడదని భాష్యము నిషేధింపఁగా, నిన్నటి శత్రువుల వంశనామమే యీ శిశువు పేరునఁ బూర్వపదమైనది. శత్రుత్వము పెండ్లితోఁ దీఱినదను నర్థమున దోషము లేదని సమాధానము చెప్పవచ్చును. కాని యా సంధి పేరునందు నిలిచినట్లు లోకమునందు నిలువలేదు. ఈ చోడగంగుని కాలముననే కులోత్తుంగచోళుని సేనాని కరుణాకర తొండైమాన్ కళింగముపై దండెత్తెను. ఆ యుద్ధమే జయంకొండారు రచించిన కళింగత్తుప్పరణికి వస్తువైనది. తల్లిదండ్రులు పేరునఁ గోరుకొన్నదెల్ల బిడ్డ బ్రతుకున జరుగునను నిశ్చయము లేదు. అయినను మాతృవంశమును బితృవంశముతో సమముగా నిలిపిన యా పేరు మాఱలేదు. చరిత్రమున నాతఁడు చోడగంగుఁడుగానే నిలిచెను.

స్త్రీనామములకు సుఖోచ్చారణము, స్పష్టార్థము, దీర్ఘాంతత్వము మనువు విధించెను. బేసియక్షరములు గృహ్యసూత్రములు విధించినవి. రాజసుందరి పేరున నక్షరములైదు. వినయమహాదేవి పేరున నేడు. చోడగంగుని దేవియైన కస్తూరికామోదిని పేరున నేడు. మూఁడును సంస్కృతమున దీర్ఘేకారాంతములు.

రాజుల మాట యటుండ, బిడ్డలు లేనివారు మ్రొక్కుకొని, కలిగిన బిడ్డకు దేవుని పేరిడుట యీ ప్రాంతమున సామాన్యాచారము. మధుకేశ్వరుని వెనుకనున్న పెద్దగోలెమును సంతానము కలిగిన పిమ్మట నొక కుమ్మరి మ్రొక్కు చెల్లించుకొన్నదని స్థలైతిహ్యము. సింహాచలమునుబట్టి అప్పన్న, అప్పలనరసింహము, శ్రీకూర్మమునుబట్టి కూర్మయ్య, అరసవిల్లినిబట్టి సూర్యనారాయణ, విజయనగరమునఁ బైడితల్లినిబట్టి పైడిరాజు మొదలగు పేళ్లు వచ్చినవి. సింహాచలమను పేరు స్త్రీపురుషుల కిరువురకును గలదు.

ఇంత పొడుగు పేళ్లు పిలుపునఁ గుఱుచయగుట దోషము కాదు. ప్రత్యయము లేకయే పూర్వపదమునకుఁ గాని యుత్తరపదమునకుఁ గాని లోపము రావచ్చునని వార్తికమున్నది. దేవదత్తుఁడు దత్తుఁడైనట్లును, సత్యభామ భామయైనట్లును, అప్పలనరసింహము నరసింహమగును. కావునఁ బేరెన్నువారు నిండుపేరునే గాక, విఱిచిన పిమ్మట మిగులు ముక్కను గూడ నాలోచింపవలెను. బిడ్డను నిత్యము పిలుచునది యా ముక్కతోనే.

తుదకు ముఖలింగ నామమునే పరీక్షింపవచ్చును. ఆదిని మకారము ఘోషము, నడుమ లకార మంతస్థ, ఆదియచ్చు ఉకారము గాన వృద్ధము కాదు, అక్షరములు నాలుగు, తద్ధితప్రత్యయము లేదు. భాష్యమును విననైన వినని గ్రామదంపతులు భక్తిచేఁ దమ బిడ్డకుఁ బెట్టుకొనిన పేరు, శాస్త్రజ్ఞులచే ననుగతులైన రాజుల పేళ్లలోఁ బెక్కింటికంటె శాస్త్రమునకు దగ్గఱగా నున్నది. లక్షణము లోకప్రయోగమును వెన్నంటియే పుట్టునను వైయాకరణసిద్ధాంతమున కిది యొక నిదర్శనము.