క్లిప్పులకు వయసు కాదు.. చిగుళ్లే ముఖ్యం!

పెళ్లయి, పిల్లలు పుట్టాక పళ్లకు క్లిప్పులేమిటని చాలామంది వెనకాడతారు. చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోక ఎత్తుపళ్లు అలాగే ఉండిపోయినవాళ్లు కొందరు. నలభై దాటాక ముందుపళ్ల మధ్య కొత్తగా సందు వచ్చినవాళ్లు కొందరు. నిజానికి పళ్లను ఏ వయసులోనైనా జరపొచ్చు. అయితే చిగుళ్లు, దవడ ఎముక, ఇతర జబ్బులు, వాడే మందుల సంగతి చూసుకోకుండా మొదలుపెడితే వరుస కుదరడం అటుంచి, ఉన్న పళ్లే వదులైపోవచ్చు.

పెద్దల్లో తేడా ఏమిటి?

పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారపొర ఉంటుంది. పన్ను మీద కొద్దిపాటి ఒత్తిడి పడుతూ ఉంటే ఒకవైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్త ఎముక పుడుతుంది. పన్ను జరిగేది ఇలాగే. పిల్లల్లో దవడ ఎదుగుదలనూ కొంత మలచొచ్చు. పెద్దల్లో ఆ వీలుండదు. దవడే బాగా ముందుకో వెనక్కో ఉంటే క్లిప్పులతో పాటు ఆపరేషన్ కూడా అవసరం కావచ్చు.

ఏం ఎంచుకోవచ్చు?

మెటల్ బ్రేసెస్: ఖర్చు తక్కువ. ఎంత వంకరగా ఉన్న పళ్లకైనా పనికొస్తాయి.

సిరామిక్ బ్రేసెస్: పంటి రంగులో ఉంటాయి కాబట్టి అంతగా కనిపించవు. కాస్త సులువుగా విరుగుతాయి.

లింగ్వల్ బ్రేసెస్: పళ్ల లోపలివైపు అమరుస్తారు. బయటికి కనిపించవు. మొదట్లో నాలుకకు గుచ్చుకుంటాయి, మాట తడబడుతుంది.

క్లియర్ అలైనర్లు: తీసి పెట్టుకునే పారదర్శకమైన తొడుగులు. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. తీసి పక్కన పెట్టేవారికి ఇవి దండగ.

చికిత్సకు సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది.

ముందు చిగుళ్లు బాగుచేసుకోండి

బ్రష్ చేస్తే రక్తం, నోటి దుర్వాసన, పళ్లు కదలడం, కొత్తగా సందులు.. ఇవి చిగుళ్ల జబ్బు లక్షణాలు కావచ్చు. వాపున్న చోట పన్నును జరిపితే ఎముక మరింత తరిగిపోతుంది. అందుకే ముందు చిగుళ్లకు చికిత్స, ఆ తర్వాతే క్లిప్పులు.

‘షుగర్ ఉందని పళ్ల డాక్టర్‌కు చెప్పారా?’ అని ఓపీలో అడిగితే, ‘పళ్లకూ షుగర్‌కూ ఏం సంబంధం?’ అంటారు చాలామంది. సంబంధం ఉంది. షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చికిత్సకు ముందు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని, వీలైతే 7 లోపునకు తెచ్చుకోండి. సిగరెట్, గుట్కా అలవాట్లుంటే మానేయండి.

ఇవి దాచొద్దు

• ఎముకలు గుల్లబారకుండా వాడే అలెండ్రోనేట్ మాత్రలు, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు: వీటి వల్ల పళ్లు నెమ్మదిగా జరుగుతాయి. పన్ను తీస్తే అక్కడి ఎముక మానకపోయే ముప్పూ ఉంటుంది.

• బీపీకి ఆమ్లోడిపిన్, మూర్ఛకు ఫెనిటాయిన్: కొందరిలో చిగుళ్లు ఉబ్బుతాయి.

• రక్తం పలుచబరిచే మందులు: పన్ను తీయాల్సి వస్తే ముఖ్యం. మీ అంతట మీరు ఆపేయొద్దు.

• గుండెలో కృత్రిమ కవాటం: కొన్ని పనులకు ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి.

• గర్భం: ఎక్స్‌రేలు, మందుల విషయంలో జాగ్రత్త అవసరం.

క్లిప్పులు బిగించినప్పుడల్లా రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. డాక్టర్ సలహాతో పారాసిటమాల్ వాడొచ్చు. ఐబూప్రొఫెన్ లాంటివి రోజుల తరబడి మింగితే పళ్ల కదలిక మందగించవచ్చు.

ఎవరి దగ్గరికి?

ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసిన వైద్యుల్ని కలవండి. ఎక్స్‌రే తీసి, చిగుళ్లు పరీక్షించాకే చికిత్స ఖరారు చేయాలి. ఇంటి దగ్గరే అచ్చు తీసుకుని పంపితే చాలు, అలైనర్లు వచ్చేస్తాయనే ప్రకటనలను నమ్మొద్దు. లోపల ఎముక ఎంత ఉందో అచ్చులో తెలియదు. ఖర్చు భారమైతే హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో సంప్రదించండి.

క్లిప్పులు తీసేశాక చాలామంది రిటెయినర్‌ను పక్కన పడేస్తారు. పళ్లు మళ్లీ పాత చోటికే జరుగుతాయి. మొదటి నెలల్లో డాక్టర్ చెప్పినన్ని గంటలు, తర్వాత రాత్రిపూట, ఏళ్ల తరబడి పెట్టుకోవాల్సిందే. అందుకు సిద్ధపడితేనే క్లిప్పులు వేయించుకోండి.