గోడల నడుమ సబ్బాతు

1940వ సంవత్సరము నవంబరులో నాజీలు వార్సా నగరమందలి యూదుల పేటను గోడచే మూసివేసిరి. నాలుగు లక్షల జనము ఆ యిరుకున క్రిక్కిరిసి, ఆకలిచేతను జ్వరముచేతను వేలకొలది మడిసిరి. ఇది లోకవిదితమే. అట్టి చోట వారు తమ యాచారమును ఎట్లు నిలుపుకొనిరన్నదే మేము చెప్పదలచినది.

సామూహిక ప్రార్థనను జర్మనులు 1940 జనవరిలోనే నిషేధించియుండిరి. యూదుల సంఘప్రార్థనకు పదుగురు పురుషులు కూడవలెను. కావున తలుపులు మూసికొని చేసిన ప్రతి ప్రార్థనయు పదిమంది ప్రాణములతో చెలగాటమే. కలోనిమస్ షపీరా యను గురువు, 1939 బాంబుల దాడిలో కుమారుని కోల్పోయియు, 1942 వేసవి వరకు సబ్బాతు దినములందును పండుగలందును ఉపన్యసించుచు, వానిని వ్రాసి దాచెను. 1943లో ఆయన హతుడయ్యెను. భూమిలో పాతిన యా వ్రాతలు యుద్ధానంతరము దొరకి 1960లో అచ్చుపడినవి. చరిత్రకారుడైన రింగెల్‌బ్లూమ్, ఆయన మిత్రులు శనివారములందు కూడుకొని పేటలోని జీవితమునంతయు పత్రములకెక్కించి, రేకుపెట్టెలలోను పాలబిందెలలోను పాతిపెట్టించిరి. తమ కూటమికి వారు పెట్టుకొన్న పేరు సబ్బాతు సంతోషము! ఆకలి పేటలో ఆ పేరు పెట్టుకొన్న గుండెదిటవు సామాన్యమా?

ఇది తిరువూరునకు దూరపు సంగతియని పాఠకులు తలపవచ్చును. కృష్ణ దాటి గుంటూరు సీమకు పోయినచో, చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిము అను తెలుగు యూదులు కలరు. వీరు మాదిగ కుటుంబములవారు. మునుపు క్రైస్తవ సంఘములలో నుండినవారు. 1990 దశకపు తొలినాళ్ల నుండి తమదైన ప్రార్థనామందిరము పెట్టుకొని, సబ్బాతు పాటించుచు, హీబ్రూ నేర్చుకొనుచున్నారు. వార్సా గోడకును మన పల్లెల యెడమునకును సామ్యము కల్పించుట మా యుద్దేశము కాదు. అచట హత్యయే ప్రభుత్వ విధానము. అయినను ఊరివెలుపలి వాడను మాదిగలు కోరి కట్టుకొనలేదు. ఊరివారే వారిని అచట నుంచిరి.

ఇదియెల్ల ఇశ్రాయేలునకు పోవు ఎత్తుగడ యని పరిహసించువారు కలరు. ఆ పరిహాసము మాకు సమ్మతము కాదు. కూలిచే బ్రతుకువానికి శనివారము పని మానుట యనగా ఒకనాటి తిండి మానుటయే. పొలము గల మన పాఠకులలో అట్టి కూలి నిచ్చువారును ఉందురు. శనివారపు నాటును ఆదివారమునకు మార్చినచో వారికి కలుగు నష్ట మెంత?