‘ఫేడ్’ క్షవరం: దాని చరిత్ర, మన హద్దు



మనల్ని చక్కని రూపంలో సృష్టించిన అల్లాహ్‌కు సమస్త స్తోత్రములు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

నేడు మన యువకులలో అనేకులు చేయించుకొంటున్న క్షవరం ‘ఫేడ్’. ఇందులో చెవుల పక్కన, మెడ మీద వెంట్రుకలు అతి పొట్టిగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ క్రమంగా పెరుగుతూ నడినెత్తిన ఒత్తుగా నిలుస్తాయి. దీనిని గురించి మన మధ్య రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఇది అన్యుల వేషమని, పూర్తిగా నిషిద్ధమని కొందరు పెద్దలు అంటున్నారు. తలకట్టుకు ధర్మంతో సంబంధమే లేదని కొందరు యువకులు అంటున్నారు. రెండింటిలోనూ తొందరపాటు ఉంది. తీర్పు చెప్పే ముందు విషయం తెలుసుకోవటం విశ్వాసికి శోభనిస్తుంది. కనుక ముందు చరిత్రను, పిదప ధర్మాజ్ఞను పరిశీలిద్దాం.

ఫేడ్ ఎలా వ్యాపించింది?

కత్తెర, దువ్వెనలతో పక్కలు పొట్టిచేయటం పాత పద్ధతే. కాని చర్మానికి అతి దగ్గరగా, సమంగా, త్వరగా కత్తిరించటం ‘మిషన్’ వచ్చిన తరువాతనే సులభమైంది. మొదట చేతితో నొక్కే మిషన్లు ఉండేవి. అమెరికాలోని స్టెర్లింగ్ పట్టణానికి చెందిన లియో వాల్ విద్యుత్తుతో నడిచే మిషనుకు 1919లో పేటెంటు కోరాడు. 1921లో అది లభించింది. అటుపిమ్మట ఈ పనిముట్టు క్షురకశాలలకు చేరింది.

సైన్యం దీనికి మరింత ప్రచారం కల్పించింది. పరిశుభ్రత కొరకు, ఏకరూపత కొరకు సైనికుల వెంట్రుకలను, ముఖ్యంగా పక్కలను, పొట్టిగా ఉంచేవారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో ఈ సైనిక క్షవరం సామాన్య పౌరులకూ అలవాటైంది.

దానిని ఒక కళగా మలచినవారు అమెరికాలోని నల్లజాతి క్షురకులు. వారి పేటలలో క్షురకశాల కేవలం జుట్టు కత్తిరించే చోటు కాదు. మగవారు కూడి కష్టసుఖాలు చెప్పుకొనే స్థలం. తమ సహజమైన ఉంగరాల జుట్టును సమాజం చిన్నచూపు చూడగా, చాలామంది దానిని రసాయనాలతో సాగదీసుకొన్న కాలం కూడా ఉంది. 1980లలో అదే జుట్టును పైన ఎత్తుగా నిలిపి, పక్కలను మిషనుతో తగ్గించి, ‘హై-టాప్ ఫేడ్’గా సగర్వంగా ధరించారు. హిప్‌హాప్ గాయకులు, సినిమాలు, క్రీడాకారుల ద్వారా అది దేశదేశాలకు పాకి మన ఊళ్ళ సెలూన్లకూ వచ్చింది.

అంటే ఇది ఏ మతానికీ చిహ్నంగా పుట్టలేదు. అన్యజాతిని అనుకరించరాదన్న హదీసు ఆ జాతికే ప్రత్యేకమైన గుర్తులకు సంబంధించినదని ధర్మవేత్తలు వివరించారు. పరాయి నేల నుండి వచ్చినంత మాత్రాన ఒక తలకట్టు దోషం కాజాలదు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నుండి కార్డోబాకు వచ్చిన జిర్యాబ్ అనే సంగీత విద్వాంసుని తలకట్టును చూసి, అందలుస్ ముస్లింలు తమ పాత తీరును మార్చుకొన్నారని చరిత్రకారులు వ్రాశారు.

ధర్మాజ్ఞ ఏమిటి?

అయితే హద్దు లేదనుకోవటమూ పొరపాటే. దైవప్రవక్త (సఅసం) ‘ఖజఅ్’ను వారించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తలలో కొంత భాగం గొరిగి, కొంత భాగం వదలివేయటమే ఖజఅ్. దీనిని ‘మక్రూహ్’ అని, అంటే అవాంఛనీయమని, ఇమామ్ నవవీ వంటి పండితులు పేర్కొన్నారు. చికిత్స వంటి అవసరాలను మినహాయించారు.

ఇక్కడ ‘గొరగటం’ అన్న మాట ముఖ్యం. పక్కలను కత్తితో నున్నగా గొరిగించి పైన వదలివేయటం, తలపై గీతలు, బొమ్మలు చెక్కించుకోవటం ఖజఅ్ కిందికి వస్తాయి. వెంట్రుకలు మిగిలి ఉండేటట్లు పక్కలను పొట్టిగా, పైన కొంచెం పొడవుగా కత్తిరించటం ఖజఅ్ కాదని పలువురు పండితుల అభిప్రాయం. దానిని పోలి ఉన్నందున మానుకోవటం మేలని చెప్పినవారూ ఉన్నారు. కనుక సెలూన్‌లో కూర్చున్న యువకుడు ‘పక్కలకు కత్తి వద్దు, వెంట్రుక మిగలనివ్వు’ అని చెప్పటం అతనికి క్షేమం.

మన బాధ్యత

అబూదావూద్ గ్రంథంలోని ఒక ఉల్లేఖనాన్ని మనం శ్రద్ధగా గమనించాలి. తల కొంత గొరిగి, కొంత వదలిన ఒక బాలుణ్ణి దైవప్రవక్త (సఅసం) చూశారు. మొత్తం గొరిగించండి, లేదా మొత్తం వదలివేయండి అన్న భావంతో ఆదేశించారు. ఆ ఆదేశం బహువచనంలో ఉంది. అది బాలునికి చేసిన మందలింపు కాదు. అతని పెద్దలకు అప్పగించిన బాధ్యత.

మరి మనం ఏం చేస్తున్నాం? పండుగకు ముందు పిల్లవాణ్ణి సెలూన్‌కు పంపి డబ్బు ఇచ్చేది మనమే. ఏ హద్దూ చెప్పకుండా పంపి, అదే పిల్లవాడు నమాజుకు వచ్చినప్పుడు పంక్తిలో అందరి ముందూ కసురుకొనేదీ మనమే. ఆ మాటకు నొచ్చుకొని అతడు మరుసటి జుమాకు రాకపోతే, ఒక అవాంఛనీయాన్ని సరిదిద్దబోయి ఒక విధికి అతణ్ణి దూరం చేసినవారం అవుతాం. జుట్టు నెల రోజులలో పెరుగుతుంది. విరిగిన మనసు అంత త్వరగా అతకదు.

కాబట్టి తండ్రులు ఇంటిలోనే ప్రేమతో హద్దు నేర్పాలి. యువకులు దానిని తేలికగా తీసుకోరాదు. క్షురకవృత్తిలో ఉన్న మన సోదరులు గీతలు, బొమ్మలు చెక్కటం మానుకోవాలి. మస్జిదుకు వచ్చిన ప్రతి యువకునికీ ముందు సలాము, పిదప చోటు, ఆ తరువాత ఏకాంతంలో హితవు అందాలి.

అల్లాహ్ మన బాహ్యాన్నీ అంతరంగాన్నీ తీర్చిదిద్దుగాక! మన సంతానాన్ని మస్జిదులతో పెనవేసి ఉంచుగాక! ఆమీన్.